యూరియా కట్ట మీద లోటు లెక్క

1991 జూలై 24న కేంద్ర బడ్జెట్ వచ్చేనాటికి గోదావరి డెల్టాలో సార్వా పనులు సాగుతున్నాయి. ఆ సాయంత్రం ఆర్థిక మంత్రి మన్మోహన్ సింగ్ ఎరువుల ధర 40 శాతం పెంచుతున్నట్టు పార్లమెంటులో చెప్పారు. టన్ను 2,350 రూపాయలున్న యూరియా 3,300 అయింది. 50 కిలోల కట్టకు లెక్క వేస్తే 117 రూపాయల 50 పైసలు కాస్తా 165. పదేళ్లుగా దాదాపు కదలని ధర ఒక్క పూటలో అంత పెరిగింది. దేశం లోటు తన పొలం దాకా రాగలదని చాలామంది రైతులకు తెలిసింది అప్పుడే.

ఇప్పుడు ఎరువుల రాయితీని, అంటే ఎరువు అసలు ఖర్చుకూ రైతు కట్టే ధరకూ మధ్య ప్రభుత్వం భరించే తేడాను, తగ్గించాలని, దాన్ని నేరుగా ఖాతాల్లో వేయాలని చర్చ వచ్చినప్పుడల్లా ఆనాటి గొడవే గుర్తొస్తుంది. వాదనలు కూడా పెద్దగా మారలేదు.

ప్రభుత్వానికి వచ్చే రాబడి కంటే ఖర్చు ఎక్కువైతే, అప్పు చేసి పూడ్చే ఆ తేడానే ద్రవ్యలోటు అంటారు. 1990-91లో కేంద్రం ద్రవ్యలోటు దేశ ఉత్పత్తిలో 8 శాతం దాటిందని ఆ బడ్జెట్ ప్రసంగమే ఒప్పుకుంది. విదేశీ మారకం కొద్ది వారాల దిగుమతులకే సరిపోయేంతగా పడిపోయింది. రిజర్వు బ్యాంకు 47 టన్నుల బంగారాన్ని విదేశాల్లో కుదువపెట్టింది. జూలై మొదటి వారంలో రూపాయి విలువను రెండుసార్లు తగ్గించారు. అంతర్జాతీయ ద్రవ్యనిధి అప్పు ఇవ్వాలంటే లోటు దించాలి. ఏడాదిలో 6.5 శాతానికి దించుతామని ప్రభుత్వం మాట ఇచ్చింది. ఎరువుల రాయితీ మీద చెయ్యి పడింది అందుకే.

పీవీ నరసింహారావు ప్రభుత్వానికి అప్పుడు సభలో సొంత మెజారిటీ లేదు. వామపక్షాలు, జనతాదళ్ వ్యతిరేకించడం అందరూ ఊహించినదే. గట్టి దెబ్బ సొంత పార్టీ నుంచి వచ్చింది. పల్లెల నుంచి గెలిచిన కాంగ్రెస్ ఎంపీలు ఒప్పుకోలేదు. రెండు వారాలు తిరిగేసరికి పెంపును 30 శాతానికి తగ్గించారు, చిన్న, సన్నకారు రైతులను పెంపు నుంచి మినహాయించారు. కట్ట 153 రూపాయల దగ్గర ఆగింది.

కాగితం మీద న్యాయంగా కనిపించే ఆ మినహాయింపు దగ్గర కాస్త ఆగాలి. డెల్టాలో దున్నేవాళ్లలో పెద్ద వంతు కౌలు రైతులు. కౌలు అంతా నోటిమాట మీదే నడుస్తుంది. దుకాణం ముందు నిలబడిన మనిషి చిన్న రైతని రుజువు చేసేది పాస్‌బుక్కు, అది ఉండేది భూమి యజమాని ఇంట్లో. కౌలుదారుకు గుర్తింపు కార్డు ఇచ్చే చట్టం మన రాష్ట్రంలో 2011లో గానీ రాలేదు. అంటే 1991 మినహాయింపు ఎవరి కోసమని చెప్పారో, వాళ్లలో చాలామంది చేతిలో దాన్ని అడిగే కాగితమే లేదు. లోటు తగ్గించాలా వద్దా అన్న పోరు ఢిల్లీలో ఎంత జోరుగా జరిగినా, ఈ సంగతి ఏ పక్షమూ గట్టిగా పట్టించుకోలేదని నా బాధ.

అసలు నష్టం మరుసటి ఏడాది జరిగింది. 1992 ఆగస్టులో ఫాస్ఫేటు, పొటాష్ ఎరువుల మీద ధరల నియంత్రణ ఎత్తేశారు. యూరియా జోలికి వెళ్తే మళ్లీ గొడవ అవుతుందని భయం. అందుకని దాన్ని నియంత్రణలోనే ఉంచి, ధర పది శాతం తగ్గించారు కూడా. భాస్వరం ఎక్కువుండే డీఏపీ ధర, పొటాష్ ధర ఎగిశాయి. రైతు చేతికి అందేది నత్రజని ఇచ్చే యూరియా ఒక్కటే అయింది. 1991-92లో దేశం మొత్తం మీద నత్రజని, భాస్వరం, పొటాష్ వాడకం 5.9 : 2.4 : 1 పాళ్లలో ఉండేది. ఒక్క ఏడాదిలో అది 9.5 : 3.2 : 1 అయింది. వరికి 4 : 2 : 1 మంచిదని వ్యవసాయ అధికారులు చెబుతూనే వచ్చారు. కానీ ధర చెప్పే మాట ముందు సలహా ఎక్కడ నిలుస్తుంది? యూరియా ఎక్కువైన వరి నల్లగా, ఏపుగా కనిపిస్తుంది. ఆ తర్వాత దోమపోటు తగులుతుంది, గాలివానకు చేను పడిపోతుంది. తుపాన్లు వచ్చే అక్టోబరు, నవంబరుల్లో పడిపోయిన చేను అంటే ఏమిటో కోనసీమలో ఎవరికీ విడమరచి చెప్పక్కర్లేదు.

తొంభైల్లో లోటు తగ్గింపు ఇంకో దారి కూడా పట్టింది. జీతాలు, వడ్డీలు కోయలేరు కాబట్టి నిర్మాణాలకు పెట్టే ఖర్చు కోశారు. ఇక్కడ మన డెల్టా కథే ఒకసారి తలచుకోవాలి. 1821లో 7.38 లక్షలున్న నాటి రాజమండ్రి జిల్లా జనాభా, కరువులూ ఉప్పెనల తర్వాత 1841కి 5.61 లక్షలకు పడిపోయింది. ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట కడితే పెట్టిన డబ్బు శిస్తు రూపంలో తిరిగొస్తుందని ఆర్థర్ కాటన్ వాదించాడు. ఖర్చుకు వెనకాడే ఈస్టిండియా కంపెనీ పాలకులను ఒప్పించి 1847లో పని మొదలుపెట్టాడు. 1852కి ఆనకట్ట నిలిచింది. అప్పు చేసి కాలువ తవ్వడం, అప్పు చేసి నెలవారీ ఖర్చు గడపడం ఒకటి కావని గోదావరి జిల్లాలకు ఎవరూ పాఠం చెప్పనక్కర్లేదు.

ఈ తేడాను చట్టంలో పెట్టే ప్రయత్నం జరిగింది. అప్పటి ఆర్థిక మంత్రి యశ్వంత్ సిన్హా 2000 చివర్లో తెచ్చిన బిల్లు 2003లో ద్రవ్య బాధ్యత చట్టమైంది. ద్రవ్యలోటును 3 శాతానికి దించాలి, రోజువారీ ఖర్చుల కోసం చేసే అప్పును, అంటే రెవెన్యూ లోటును, పూర్తిగా తుడిచేయాలి. ప్రభాత్ పట్నాయక్ లాంటి ఆర్థికవేత్తలు దీన్ని గట్టిగా వ్యతిరేకించారు. పనులు లేని కాలంలో ప్రభుత్వమూ చేతులు ముడుచుకుంటే పేదవాడి గతి ఏమిటని వాళ్ల ప్రశ్న. అటువైపు వాళ్లు, వడ్డీలే రాబడిని తినేస్తున్నాయని, లోటు వల్ల పెరిగే ధరలు ముందుగా పేదవాడినే కొడతాయని చెప్పారు. రెండింటిలోనూ నిజముంది. అయితే 2018 సవరణలో రెవెన్యూ లోటు లక్ష్యాన్నే తీసేశారు. ఆ చట్టంలో నాకు మంచిగా అనిపించిన భాగం అదే, దాన్నే వదిలేశారు.

2008లో ప్రపంచ మాంద్యం, రుణమాఫీ, జీతాల పెంపు కలిసి లోటు మళ్లీ 6 శాతానికి వెళ్లింది. ఎరువుల రాయితీ ఆ ఏడు లక్ష కోట్లకు చేరువైంది. 2010 ఏప్రిల్ నుంచి పోషకాల ఆధారిత రాయితీ తెచ్చారు. కేంద్రం ఇచ్చేది స్థిరం, మిగతాది మార్కెట్ ధర. ఈసారి కూడా యూరియాను పక్కన పెట్టారు. అంతకుముందు 467 రూపాయలున్న డీఏపీ కట్ట 2012కి 1,200 దాటింది. 223 రూపాయల పొటాష్ 850 దాకా వెళ్లింది. 2009-10లో మద్దతు ధరకు 75 కిలోల బస్తా ధాన్యం అమ్మితే డీఏపీ కట్ట కొనగా ఇంకా 280 రూపాయలు మిగిలేవి. 2012లో బస్తా డబ్బు మొత్తం పెట్టినా కట్ట రాలేదు.

ఆ మధ్యలోనే 2011 సార్వాలో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించారు. ఎరువులొక్కటే కారణం కాదు. కూలీ పెరిగింది, మురుగు కాలువలు పూడిపోయి నీళ్లు నిలిచాయి, మద్దతు ధర చేతికి రాలేదు. రాష్ట్ర ప్రభుత్వం వేసిన మోహన్ కందా కమిటీ వచ్చి విని వెళ్లింది. నీళ్లున్న నేల బీడుగా ఉండటం చూసి ఆ ఏడు ఎందరు పెద్దవాళ్లు కన్నీళ్లు పెట్టుకున్నారో.

అదే సమయంలో రిజర్వు బ్యాంకు గవర్నరు ఏలూరులో పుట్టిన దువ్వూరి సుబ్బారావు. ప్రభుత్వం లోటు తగ్గించనిదే వడ్డీ రేట్లు తగ్గించడం కష్టమని ఆయన పట్టు. 2012 అక్టోబరులో ఆర్థిక మంత్రి చిదంబరం లోటును దించే ప్రణాళిక ప్రకటించారు. ఆ మరునాడే రిజర్వు బ్యాంకు రేట్లు తగ్గించకపోయేసరికి, అవసరమైతే ప్రభుత్వం ఒంటరిగానే నడుస్తుందని చిదంబరం బయటపడి అన్నారు. డీజిలు మీద రాయితీ తగ్గించడానికి దాని ధరను నెలకు 50 పైసల చొప్పున పెంచే పద్ధతి 2013 జనవరిలో మొదలైంది. దమ్ము చేసే ట్రాక్టరు కిరాయి మీద ఆ భారం పడింది.

కరోనా ఏడాదిలో లోటు 9 శాతం దాటింది. 2025-26 బడ్జెట్ దాన్ని 4.4 శాతంగా అంచనా వేసింది. అదే బడ్జెట్‌లో వడ్డీలకే 12.76 లక్షల కోట్లు, ఎరువుల రాయితీకి 1.68 లక్షల కోట్లు చూపించారు. 45 కిలోల యూరియా కట్ట దుకాణంలో 266 రూపాయల 50 పైసలు, 50 కిలోల డీఏపీ 1,350. యూరియా ధర ఏళ్లుగా కదలలేదు, పాళ్లు ఇంకా సరికాలేదు.

రాయితీని కట్ట మీద తీసేసి రైతు ఖాతాలో ఏటా 5,000 రూపాయలు వేయాలని వ్యవసాయ వ్యయాలు, ధరల కమిషన్ 2020లో సిఫార్సు చేసింది. నేల బాగుకు అది మేలే చేయవచ్చు. కానీ 2019లో వచ్చిన పీఎం కిసాన్ 6,000 రూపాయలు కూడా భూమి ఎవరి పేరున ఉందో వాళ్లకే పడుతున్నాయి. రాయితీ కూడా అదే దారిన వెళ్తే, హైదరాబాదులో ఉన్న యజమాని ఖాతాలో డబ్బు జమ అవుతుంది, కౌలు రైతు అమలాపురం దుకాణంలో పూర్తి ధర పెట్టి కట్ట కొనాలి.