కొలంబస్‌ది అసలు ఏ ఊరు? గొడవ ముదిరింది ఆస్తి కేసులో

పోతనగారిది బమ్మెరా ఒంటిమిట్టా అని మనవాళ్ళు ఇప్పటికీ వాదించుకుంటూనే ఉంటారు కదా, ఏకశిలానగరం అంటే ఓరుగల్లు అని వీళ్ళు, కాదు ఒంటిమిట్టే అని వాళ్ళు. కొలంబస్ విషయంలో ఇదే తగువు దేశాల మధ్య నడుస్తోంది. 2024 అక్టోబర్ 12న స్పెయిన్ టీవీలో ఒక డాక్యుమెంటరీ వేసి, ఎముకలకి డీఎన్ఏ టెస్ట్ చేశాం, ఈయన అందరూ అనుకునేట్టు ఇటలీ రేవుపట్నం జెనోవావాడు కాదు, మధ్యధరా పడమటి తీరం వైపు యూదుల వంశంవాడు అని చెప్పేసరికి మళ్ళీ రాజుకుంది. డేటా బయటపెట్టకుండా టీవీలో చెప్పడమేంటని జన్యుశాస్త్రవేత్తలే తిట్టిపోశారు. అయినా డీఎన్ఏ వంశం గురించి ఏదో చెబుతుందేమో గానీ ఏ వీధిలో పుట్టాడో ఎలా చెబుతుంది?

జెనోవా పాత కాగితాల్లో దొరికే కుర్రాడు మాత్రం చాలా మామూలోడు. తండ్రి డొమెనికో ఉన్ని నేసేవాడు, కొన్నాళ్ళు జెనోవా కోటగుమ్మం దగ్గర కాపలా కూడా కాశాడు, తర్వాత దగ్గర్లోని సవోనాకి మారాడు. 1470లో తండ్రీకొడుకులు వైన్ కొని బాకీ పడ్డ పత్రం ఉంది, అందులో క్రిస్టోఫర్ వయసు 19 దాటిందని రాశారు. 1479 ఆగస్టు 25 నాటిది ఇంకోటి, ఇది 1904లో గానీ బయటపడలేదు. పోర్చుగల్ వాళ్ళ మదీరా దీవిలో చక్కెర కొనమని పంపి చాలినంత డబ్బు పంపలేదని వ్యాపారుల మధ్య తగాదా, సాక్షి మనవాడే. వయసెంత అంటే దాదాపు 27 అన్నాడు, ఎప్పుడు వెళ్తున్నావంటే రేప్పొద్దున్నే లిస్బన్‌కి అన్నాడు. రెండు కాగితాలూ కలిపి లెక్కేస్తే 1451 చుట్టూ పుట్టినట్టు వస్తుంది.

సరే, ఆ నేతగాడి కొడుకే స్పెయిన్ అడ్మిరల్ (నౌకాధిపతి) అయిన కొలంబస్ అని గ్యారంటీ ఏంటి అంటారు. దానికి 1496 కాగితం ఉంది: జెనోవాలో ముగ్గురు అన్నదమ్ములు, కొలంబస్ తండ్రి తోడబుట్టినవాడి కొడుకులు, ఒకణ్ణి స్పెయిన్‌లో అడ్మిరల్ దగ్గరికి పంపుదాం, దారి ఖర్చు ముగ్గురం పంచుకుందాం అని నోటరీ దగ్గర రాయించుకున్నారు. నన్నడిగితే దీన్ని మించిన సాక్ష్యం లేదు. పెద్ద ఉద్యోగం వచ్చిన చుట్టం దగ్గరికి ఛార్జీలకి చందా వేసుకుని పోవడం ఎవడు కల్పిస్తాడు చెప్పండి!

మరి అనుమానం ఎందుకొచ్చిందంటే సగం తప్పు వాళ్ళింట్లోనే ఉంది. కొడుకు ఫెర్నాండో తండ్రి జీవితం రాస్తూ సవోనా అంటారు, జెనోవా అంటారు, నెర్వీ అంటారు, పియాచెంజా అంటారు అని ఊళ్ళ పేర్లు చదివి, ఏదీ తేల్చకుండా వదిలేశాడు. అడ్మిరల్‌గారు కూడా దాదాపు అన్నీ స్పానిష్‌లోనే రాశాడు, 1502లో జెనోవా బ్యాంకుకి రాసిన ఉత్తరంతో సహా.

మిగతా సగం డబ్బు. 1578లో మునిమనవడు చనిపోయి నేరుగా వచ్చే మగ వారసులు లేకుండా పోయేసరికి ఆస్తీ బిరుదులూ నావంటే నావని ఇటలీ నుంచి కూడా కొలంబోలు దిగారు, కుక్కారో నుంచి బల్దస్సారే, కొగొలేటో నుంచి బెర్నార్డో, ఎవడి ఊరు వాడికి అడ్మిరల్ పుట్టిల్లు! చివరికి 1608లో తీర్పు ఆడపిల్లల వైపు వారసుడు నూన్యోకి వచ్చింది. జెనోవా గురించి "అక్కడ పుట్టాను, అక్కణ్ణుంచే వచ్చాను" అని అడ్మిరల్ స్వయంగా చెప్పుకున్న 1498 వీలునామా కాపీ కూడా ఈ కేసులోనే పైకి రావడంతో అది నకిలీ అనేవాళ్ళు అప్పట్నుంచీ ఉన్నారు.

1898 నుంచి స్పెయిన్‌లోని గలీసియావాళ్ళు మా పొంటెవెద్రా ఊరే అన్నారు, చూపించిన కాగితాల్లో అక్షరాలు దిద్దారని స్పెయిన్ చరిత్రకారులే పట్టుకున్నారు. స్పెయిన్‌లోదే కాటలోనియా, పోర్చుగల్‌లో కూబా అనే ఊరు, కోర్సికా దీవిలో కాల్వీ కూడా వరసకట్టాయి.

జెనోవాలో టూరిస్టులకి చూపించే కొలంబస్ ఇల్లు ఉంది కదా, అది ఆయన చిన్నప్పుడు పెరిగిన ఇల్లంటారు, 1684లో ఫ్రెంచివాళ్ళ ఫిరంగుల దెబ్బకి అసలుది కూలిపోతే తర్వాతి శతాబ్దంలో మళ్ళీ కట్టింది.