సల్ఫా పడకపోతే సల్ఫేట్ ఎందుకు మానాలి?

"మాకు సల్ఫా పడదండీ, ఈ మాత్ర వద్దు." మందుల షాపు కౌంటరు దగ్గర నేను పదేపదే వినే మాట ఇది. చీటీ చూస్తే అందులో ఉన్నది ఫెర్రస్ సల్ఫేట్, రక్తం తక్కువగా ఉందని డాక్టరు రాసిన ఐరన్ మాత్ర. కోఠిలోని మా షాపుకు గర్భిణులు ఎక్కువగా వస్తారు. అందుకే ఈ ఒక్క అపోహ గురించి గట్టిగా చెప్పాలనిపిస్తోంది.

అపోహ: సల్ఫా ఎలర్జీ ఉంటే పేరులో 'సల్ఫ్' ఉన్న మందులన్నీ ప్రమాదమే.

వాస్తవం: ఇంటిపేరు కలిసినంత మాత్రాన చుట్టాలైపోరు. మనం సల్ఫా అంటున్నది సల్ఫోనమైడ్ యాంటీబయాటిక్‌లను. గెర్హార్డ్ డొమాక్ 1935లో ప్రకటించిన ప్రోంటోసిల్‌తో మొదలైన మందులివి. ఇప్పుడు ఎక్కువగా కనిపించేవి కోట్రైమోక్సజోల్ మాత్రలు, కాలిన గాయాలకు పూసే సిల్వర్ సల్ఫాడయజిన్ క్రీము. వీటిలో గంధకానికి రెండు ఆక్సిజన్లు, ఒక నైట్రోజన్, ఒక బెంజీన్ వలయం అతుక్కుని ఉంటాయి. ఆ వలయం అవతలి కొసన ఒక అమైన్, అంటే నైట్రోజన్ ఉన్న ఒక చిన్న గుంపు, ఉంటుంది. తీవ్రమైన ఎలర్జీలలో ఎక్కువగా చిక్కు తెచ్చేది అదే. శరీరం దాన్ని మార్చే క్రమంలో పుట్టే పదార్థాలు మన ప్రొటీన్లకు అంటుకుని, కొందరిలో రోగనిరోధక వ్యవస్థను రెచ్చగొడతాయి.

సల్ఫేట్‌లో ఇవేవీ లేవు. గంధకం చుట్టూ నాలుగు ఆక్సిజన్లు, అంతే. తాగే నీళ్లలో అది ఉంది, మన రక్తంలోనూ ఎప్పుడూ ఉంటుంది. పిల్లికూతలకు పీల్చే సాల్బుటమాల్ సల్ఫేట్‌లో పనిచేసేది సాల్బుటమాల్; సల్ఫేట్ దానికి తోడుగా ఉన్న లవణ భాగం. గుర్రపువాతం (ఎక్లాంప్సియా, అంటే ఫిట్స్) వచ్చిన గర్భిణికి ప్రాణం నిలబెట్టే ఇంజెక్షన్ మెగ్నీషియం సల్ఫేట్. వాట్సాప్ సందేశం చూసి దాన్ని వద్దనే పరిస్థితి ఏ ఇంట్లోనూ రాకూడదు.

ఒకసారి నెలలు నిండుతున్న ఒక అమ్మాయి అత్తగారితో వచ్చింది. ముఖం తెల్లగా పాలిపోయి ఉంది, మెట్లెక్కినందుకే ఆయాసపడుతోంది. సంచిలోంచి ప్రభుత్వ ఆసుపత్రిలో ఇచ్చిన ఎర్ర మాత్రల స్ట్రిప్పులు తీసి కౌంటరు మీద పెట్టింది. ఒక్క గుంట కూడా చిట్లలేదు. చిన్నప్పుడు ఏదో మాత్ర వేసుకుంటే ఒళ్లంతా దద్దుర్లు వచ్చాయట. అప్పటి నుంచి ఫైలు మీద 'సల్ఫా' అని రాసి ఉంది. "బిడ్డకు ఏమైనా అవుతుందేమోనని మేమే మాన్పించాం బాబూ" అన్నారు అత్తగారు. స్ట్రిప్పు వెనక ఉన్న పేరు చదివి వినిపించి, వాళ్ల ముందే డాక్టరుకు ఫోను చేశాను. ఆ రాత్రి నుంచే వేసుకోమన్నారు. ఒక్కో మాత్రలో 60 మిల్లీగ్రాముల ఇనుము. అన్ని వారాలపాటు అదంతా సంచిలోనే ఉండిపోయింది.

ఆ అత్తగారి మీద నాకు కోపం రాలేదు. సల్ఫా మందు నిజంగా పడనివారిలో అరుదుగానైనా నోరు పుండ్లు పడి, కళ్లు ఎర్రబడి, చర్మం పొక్కులెక్కి ఊడివచ్చే స్టీవెన్స్-జాన్సన్ సిండ్రోమ్ రావచ్చు. ఇంట్లో ఒకరికి అలా జరిగితే ఆ భయం పోదు, పోనక్కర్లేదు కూడా. కాకపోతే ఫైలు మీద ఉత్త 'సల్ఫా' అని వదిలేయకండి. ఏ మందు, ఏ సంవత్సరంలో, వేసుకున్న ఎన్నాళ్లకు ఏమైంది, ఇవన్నీ రాయించుకోండి.

ఇంకో సంగతి. ఐరన్‌కు భయపడినవారే కీళ్లవాతానికి రాసిన సల్ఫాసలజిన్‌ను ఏమీ అడగకుండా కొనుక్కుని వెళ్తుంటారు. అది పేగులో విడిపోయి సల్ఫాపిరిడిన్ అవుతుంది, అంటే అసలైన సల్ఫానే. సల్ఫా పడనివారు దాన్ని వాడకూడదు. ఒంట్లో నీరు తీసే ఫ్యూరోసమైడ్, షుగరుకు వాడే గ్లిమెపిరైడ్ కూడా సల్ఫోనమైడ్‌లే గానీ, నేను చెప్పిన ఆ అమైన్ వాటిలో లేదు. చాలామందికి ఇబ్బంది లేకుండానే ఇస్తారు. ఎలర్జీ సంగతి డాక్టరుకు చెప్పండి, సొంతంగా మాత్రం ఆపకండి.

గంధకం ఉంటుందని కోడిగుడ్డు, వెల్లుల్లి మానేసినవాళ్లూ ఉన్నారు. హాయిగా తినండి. షాంపూలోని సల్ఫేట్ వల్ల తల పొడిబారితే అది వేరే విషయం, సల్ఫా ఎలర్జీతో దానికి సంబంధం లేదు.

సల్ఫైట్ మరొకటి. ఇది నిల్వ కోసం కలిపేది. సల్ఫా పడనివారికి దీనితో పేచీ లేదు గానీ ఆస్తమా ఉన్న కొందరికి ఆయాసం తెప్పిస్తుంది. ఖుబానీ కా మీఠా చేద్దామని బేగంబజార్‌కు వెళ్తే, నిగనిగలాడే నారింజ రంగు ఎండు ఆప్రికాట్‌లకు సాధారణంగా సల్ఫర్ డయాక్సైడ్ పట్టించి ఉంటారు. అది పట్టించనివి గోధుమరంగుకు తిరుగుతాయి. ఆస్తమా ఉన్నవారు ప్యాకెట్ మీద ఐఎన్ఎస్ (ఆహారంలో కలిపే పదార్థాలకు ఇచ్చే సంఖ్య) 220 నుంచి 228 వరకు ఉన్న అంకెల్లో ఏదైనా ఉందేమో చూసి కొనండి.