కొత్త ఐరన్స్, మూణ్ణాళ్ల ముచ్చట: అపోహలు – వాస్తవాలు

హైదరాబాద్‌లో గోల్ఫ్ క్లబ్బులు బాగుచేయడం, మనిషికి తగ్గట్టు సరిచేయడం నా పని. గ్రిప్పులు మారుస్తాను, షాఫ్టులు (క్లబ్బు కర్రలు) కోస్తాను, లై (నేల మీద పెట్టినప్పుడు కర్ర నిలబడే కోణం) వంచుతాను, తల ఊడితే ఎపాక్సీ పెట్టి అతికిస్తాను. గోల్కొండ నయా ఖిలాలో ఆడేవాళ్లు కావచ్చు, గచ్చిబౌలి బౌల్డర్ హిల్స్ వాళ్లు కావచ్చు, కొత్త ఐరన్స్ (లోహపు తలలతో, 4, 5, 7 అంటూ అంకెలతో వచ్చే క్లబ్బులు) కొన్న వారానికి ఫోన్ చేస్తారు. "అన్నా, మస్తు దూరం పోతుందే!" అదే మాట, అదే సంబరం. రెండో నెలలో మళ్లీ ఫోన్ వస్తుంది. అప్పుడు గొంతులో సంబరం ఉండదు, అనుమానం ఉంటుంది.

మొదటి వారం మనిషి తన కొత్త క్లబ్బు గురించి చెప్పేదాంట్లో క్లబ్బు పాత్ర తక్కువ. ఎక్కువ భాగం చెవి చెప్పింది, కన్ను చెప్పింది, రేంజ్‌లో (ప్రాక్టీసు మైదానంలో) కాళ్ల కింద ఉన్న మ్యాట్ చెప్పింది. నా బల్ల దగ్గర తరచూ వినబడే మాటలు కొన్ని రాస్తున్నాను.

అపోహ: "పాత 7 ఐరన్ కంటే ఇది 15 గజాలు ఎక్కువ పోతోంది. అంటే సెట్టు బ్రహ్మాండంగా ఉన్నట్టే."

(మన ఊళ్లో గజాలంటే ముందు ప్లాటే గుర్తొస్తుంది. ఇవి పొడవు గజాలు, చదరపువి కావు.)

వాస్తవం: క్లబ్బు అడుగున చెక్కిన 7 ఒక పేరు మాత్రమే. 7 ఐరన్‌కి ఇంత లాఫ్ట్ (బంతిని కొట్టే ముఖం వెనక్కి వాలే కోణం; అది తగ్గేకొద్దీ దూరం పెరుగుతుంది) ఉండాలని ఏ రూలూ లేదు. పింగ్ కంపెనీ జీ430 సెట్టులో 7 ఐరన్ లాఫ్ట్ 29 డిగ్రీలు. టైట్లిస్ట్ టీ100లో అదే 7 ఐరన్ 34 డిగ్రీలు. వరసగా ఉండే రెండు ఐరన్స్ మధ్య మామూలుగా ఉండే తేడా సుమారు 4 డిగ్రీలు. అంటే మీరు పింగ్ 7తో కొట్టి, పక్కాయన టైట్లిస్ట్ 7తో కొడితే, మీరిద్దరూ కొట్టింది ఒకే క్లబ్బు కాదు. నలభై ఏళ్ల కిందటి సెట్టులో 29 డిగ్రీలకు దగ్గరగా ఉండేది 5 ఐరన్. మీ నాన్నగారి బ్యాగు అటక మీద ఉంటే దించి, ఆ 5ని, మీ కొత్త 7ని పక్కపక్కన పెట్టి చూడండి.

ఇంతవరకు చెప్పగానే కొందరు అటువైపు దూకుతారు: "అయితే కంపెనీలు మనల్ని మోసం చేస్తున్నాయన్నమాట." అదీ పూర్తి నిజం కాదు. ఇప్పటి క్యావిటీ బ్యాక్‌లలో (వెనక గుంట ఉన్న తలల్లో) బరువు బాగా కిందికి, వెనక్కి పెడతారు. ముఖం పల్చగా ఉంటుంది. అలాంటి తలకు పాత లాఫ్టే ఇస్తే బంతి గాలిపటంలా పైకి లేచి అక్కడే కూలబడుతుంది. తల తీరు మారింది కాబట్టి లాఫ్ట్ తగ్గింది. సంఖ్య మాత్రం మార్చలేదు, ఎందుకంటే 7 మీద 5 కొట్టే దూరం కనబడితే అమ్మకం సులువు. ఆ కిటుకు మాత్రం నిజమే.

అసలు చూడాల్సింది బంతి ఎంత దూరం పోయిందని కాదు, ఎలా దిగిందని. ట్రాక్‌మ్యాన్ (బంతిని రాడార్‌తో కొలిచే యంత్రం) లెక్కల్లో అమెరికా పీజీఏ టూర్ ప్రొఫెషనల్ ఆటగాళ్ల 7 ఐరన్ సగటు స్పిన్ నిమిషానికి 7 వేల చుట్లు, బంతి దిగే కోణం 50 డిగ్రీలు. మనవాళ్లలో చాలామందికి కొత్త 7తో స్పిన్ బాగా తగ్గుతుంది, బంతి వాలుగా దిగుతుంది. గ్రీన్ (జెండా ఉండే నున్నటి గడ్డి) ముందు అంచున పడి వెనక బంకర్లోకి (ఇసుక గుంతలోకి) దొర్లుతుంది. రేంజ్‌లో ఆ దొర్లుడంతా దూరం కిందే జమ. కోర్సులో అదే ఒక షాట్ ఖర్చు.

రెండో నెల ఫోన్‌కి కారణం ఇంకొకటి. ఇలాంటి సెట్లలో పిచింగ్ వెడ్జ్ (9 తర్వాత వచ్చే, దగ్గరి షాట్ల క్లబ్బు) లాఫ్ట్ 41 నుంచి 43 డిగ్రీలు. మీ పాత శాండ్ వెడ్జ్ (ఇసుకలోంచి తీసే క్లబ్బు) 56. మధ్యలో పదమూడు నుంచి పదిహేను డిగ్రీల గొయ్యి! 90 గజాల దగ్గర నిలబడితే చేతిలో క్లబ్బు ఉండదు. పిచింగ్ వెడ్జ్ సగం కొట్టాలా, శాండ్ వెడ్జ్ ప్రాణం పెట్టి కొట్టాలా అని తేల్చుకోలేక రెండూ పాడుచేస్తారు. కొత్త సెట్టుతో పాటు 46 డిగ్రీల దగ్గర ఒక వెడ్జ్, 51 దగ్గర ఇంకో వెడ్జ్ కొనాలి. బ్యాగులో 14కి మించి క్లబ్బులు ఉండకూడదు కాబట్టి పొడవాటి క్లబ్బుల్లోంచి ఏదో ఒకటి తీసేయాలి. 4 ఐరన్ తీసేయండి, ఎవరూ ఏడవరు.

ఇంకో చిన్న సంగతి. మనం సముద్ర మట్టానికి 540 మీటర్ల ఎత్తున ఉన్నాం, గాలి కాస్త పల్చన. ఇక్కడ 150 గజాలు పోయే షాట్ విశాఖ ఈస్ట్ పాయింట్ కోర్సులో రెండు మూడు గజాలు ముందే ఆగుతుంది. వైజాగ్ వెళ్లొచ్చి క్లబ్బు చెడిపోయిందని తెచ్చినవాళ్లు కూడా ఉన్నారు.

అపోహ: "ఫోర్జ్‌డ్ అయితేనే వెన్నలా తగులుతుంది. క్యాస్ట్ అయితే రాయిని కొట్టినట్టే."

వాస్తవం: క్యాస్ట్ అంటే పోత. మైనంతో అచ్చు చేసి, చుట్టూ పూత పట్టించి, మైనం కరిగించి, ఆ ఖాళీలో లోహం పోస్తారు. పంచలోహ విగ్రహం పోసే విధానమే. ఫోర్జ్‌డ్ అంటే కాల్చిన ఉక్కు కడ్డీని అచ్చులో పెట్టి సమ్మెట దెబ్బతో ఆకారం తేవడం. మన కొలిమి పనికి పెద్దన్న. జపాన్ కంపెనీ మిజునో తన ఫోర్జ్‌డ్ తలలు హిరోషిమాలో చేయిస్తుంది. ఇటు పింగ్ మొదలుపెట్టిన కార్‌స్టెన్ సోల్‌హైమ్ పోత పద్ధతినే నమ్ముకున్నాడు. 1982లో వచ్చిన పింగ్ ఐ2 పోత ఐరనే. దాన్ని ఇప్పటికీ బ్యాగులోంచి తీయని పెద్దలు నాకు తెలుసు.

బంతి ముఖానికి తగిలి ఉండేది సుమారు అర మిల్లీసెకను. చేతి నుంచి మెదడుకు కబురు చేరేసరికి బంతి ఎప్పుడో గాల్లో ఉంటుంది. మనం "మెత్తగా తగిలింది" అనేది చాలావరకు చెవికి వినబడిన చప్పుడు.

నమ్మనివాళ్లకు నా దగ్గర దూది ఉంది. కిందటేడు ఒక డాక్టరు గారు వచ్చారు, ఫోర్జ్‌డ్ తప్ప ముట్టరు. రెండు 7 ఐరన్స్, ఒకటి ఫోర్జ్‌డ్, ఒకటి పోత. ఒకే షాఫ్ట్, ఒకే గ్రిప్. తలల వెనక ఇన్సులేషన్ టేపు చుట్టి పేర్లు కనబడకుండా చేశాను. చెవుల్లో దూది, పైన సెంట్రింగ్ పనివాళ్లు పెట్టుకునే ఇయర్ మఫ్స్. పదేసి బంతులు కొట్టించాను. "ఇది మెత్తగా ఉంది, ఇదే ఫోర్జ్‌డ్" అని ధీమాగా ఒకటి పట్టుకున్నారు. టేపు విప్పితే పోతది. ఆయన టేపు వంక చూశారు, నా వంక చూశారు. "ముఖం మధ్యలో తగిలింది కదా, అందుకే" అన్నారు. సరిగ్గా అదే సార్, అన్నాను. మధ్యలో తగిలితే ఏ ఇనుమైనా వెన్నే.

పైగా "ఫోర్జ్‌డ్" అన్న ముద్ర చూసి ఒకే ముద్ద ఉక్కు అనుకోకండి. టేలర్‌మేడ్ పీ790 చూడండి. ముఖం ఫోర్జ్ చేసింది, ఒళ్లు ఇంకో రకం ఉక్కు, లోపల బోలు, బోలు నిండా ఫోమ్. మంచి క్లబ్బే. కానీ మీరు మనసులో ఊహించుకున్న కొలిమి ముద్ద అది కాదు.

అపోహ: "లై సంగతి ప్రొఫెషనల్స్‌కి. మనలాంటివాళ్లకు స్టాండర్డ్ చాలు."

వాస్తవం: ఇది విన్నప్పుడల్లా నాకు కొంచెం కోపం వస్తుంది. నిపుణుడు లై తప్పుగా ఉన్న క్లబ్బుతో కూడా ఎలాగోలా సర్దుకుంటాడు. మనకు ఆ సర్దుబాటు తెలియక స్వింగ్ పాడుచేసుకుంటాం.

ఒక కుర్రాడు, సాఫ్ట్‌వేర్. డాలస్ నుంచి బావగారు సూట్‌కేసులో తెచ్చిచ్చిన ఐరన్స్. పెట్టె కొత్త, ప్లాస్టిక్ కూడా చింపలేదు. కానీ అది బావగారు తన కొలతకు చేయించుకున్న సెట్టు. ఆయన ఆరడుగుల రెండంగుళాలు. అర అంగుళం పొడవు, రెండు డిగ్రీలు నిటారు. ఈ కుర్రాడు అయిదున్నర అడుగులు. మూడు నెలలు ప్రతి బంతీ ఎడమకే. కోచ్ దగ్గర గ్రిప్ మార్చాడు, నిలబడే తీరు మార్చాడు, చివరికి కుడి పక్క చెట్టును గురిపెట్టి కొట్టడం అలవాటు చేసుకున్నాడు.

నేను బంతి మీద మార్కర్‌తో నిలువు గీత గీసి, గీత క్లబ్బు ముఖం వైపు ఉండేలా పెట్టి, కొట్టమన్నాను. కొట్టాక గీత ముద్ర ముఖం మీద పడుతుంది. నిటారుగా పడితే లై సరిపోయినట్టు. పైకొస టో (తల చివరి కొన) వైపు వాలితే క్లబ్బు మరీ నిటారుగా ఉన్నట్టు, హీల్ (కర్ర ఉన్న వైపు) వైపు వాలితే మరీ పడుకున్నట్టు. వీడి ముద్ర గాలికి వంగిన వరి కంకిలా టో వైపు వాలింది. "అన్నా, మూడు నెలల ఫీజు పోయింది కదా" అన్నాడు.

షాపులో క్లబ్బు నేల మీద ఆనించి చూసి లై నిర్ణయించకండి. కొట్టే క్షణంలో తల బరువుకు షాఫ్ట్ కిందికి వంగుతుంది, టో దిగుతుంది. నిలబడి పెట్టినప్పుడు టో కింద కొంచెం సందు ఉండటమే మామూలు. ఇంకొకటి, లాఫ్ట్ పెరిగేకొద్దీ లై తప్పు ఎక్కువ కనబడుతుంది. 5 ఐరన్ తిన్నగా పోయి 9 ఐరన్ ఎడమకు పోతుంటే స్వింగ్‌ని తిట్టుకునే ముందు గీత గీసి చూడండి.

అపోహ: "పోత తలలు వంగవు, విరిగిపోతాయి."

వాస్తవం: 17-4 అనే రకం స్టెయిన్‌లెస్ ఉక్కు పోత తల కూడా ఓ రెండు డిగ్రీలు వంగుతుంది. మెత్తటి కార్బన్ ఉక్కు వంగినంత సులువుగా కాదు, భుజం నొప్పి పుడుతుంది, అంతే. నిజంగా విరిగేది జింక్ తల. ఇది డబ్బు పోసి నేర్చుకున్న పాఠం. పని మొదలుపెట్టిన ఏడాది ఒక పెద్దాయన ఆన్‌లైన్‌లో చవగ్గా కొన్న సెట్టు తెచ్చారు, మీద పెద్ద కంపెనీ పేరు ఉంది. నమ్మి బిగింపులో పెట్టి లాగాను. హోజెల్ (షాఫ్ట్ దూరే గొట్టం) టక్‌మని విరిగి చేతికొచ్చింది. లోపల బూడిద రంగు, బెల్లం ముక్క విరిచినట్టు గరుకు. నకిలీ సరుకు. తప్పు నాది కూడా, ముందు చూసుకోవాల్సింది. డబ్బు నేనే కట్టాను. అప్పటి నుంచి బల్ల మీద అయస్కాంతం ఉంటుంది. కొన్ని స్టెయిన్‌లెస్ రకాలకు కూడా అయస్కాంతం అంటదు, కాబట్టి అంటనంత మాత్రాన జింకే అనను. కానీ అంటకపోతే నేను వంచను.

షాఫ్ట్ గురించి రెండు ముక్కలు. షాఫ్ట్ ఎంత గట్టిదో చెప్పే ఆర్ (రెగ్యులర్), ఎస్ (స్టిఫ్) అనే అక్షరాలకు కంపెనీలన్నీ ఒప్పుకున్న కొలత ఏదీ లేదు. ఒకరి రెగ్యులర్ ఇంకొకరి స్టిఫ్ కంటే గట్టిగా ఉండొచ్చు. అక్షరం కంటే బరువు చూడండి. ఉక్కు షాఫ్టుల్లో డైనమిక్ గోల్డ్ ఎస్300 సుమారు 130 గ్రాములు, నిప్పాన్ 950 వంద లోపు. పద్నాలుగో హోల్ దగ్గర ఆ ముప్పై గ్రాములు భుజానికి తెలుస్తాయి. గ్రాఫైట్ షాఫ్ట్ ముసలివాళ్లకే అనేవాళ్లకు ఒకే జవాబు: అమెరికన్ ఆటగాడు బ్రైసన్ డిషాంబో. 2024 యూఎస్ ఓపెన్ గెలిచినప్పుడు ఆయన ఐరన్స్‌లో ఉన్నది గ్రాఫైటే.

అపోహ: "రేంజ్‌లో రెండొందల బంతులు కొట్టి చూశాను, అన్నీ తిన్నగా పోయాయి."

వాస్తవం: మ్యాట్ మీద కొట్టారు కదా? బంతికి రెండంగుళాల వెనక తగిలినా మ్యాట్ మీద క్లబ్బు జారి బంతిని అందుకుంటుంది. గడ్డిలో అదే దెబ్బకు అరచేతిమందం మట్టి లేచి బంతి పది అడుగులు పోతుంది. వెడల్పాటి అడుగున్న ఐరన్ మ్యాట్ మీద ఇంకా ముద్దుగా కనబడుతుంది. రేంజ్ బంతులు కూడా మీ బంతుల్లా పోవు, అరిగిపోయి ఉంటాయి.

నెల కూడా చూసుకోవాలి. మే నెలలో మన నేల రాయిలా ఉంటుంది. బౌన్స్ (అడుగున ఉబ్బు) ఎక్కువున్న అడుగు ఎగిరి బంతి నడుముకు తగులుతుంది, "ఈ సెట్టు థిన్ కొట్టిస్తోంది" అంటారు. ఆగస్టులో నాలుగు వానలు పడ్డాక అదే అడుగు నేలలో కూరుకుపోకుండా కాపాడుతుంది, "ఇంత మంచి సెట్టు చూడలేదు" అంటారు. క్లబ్బు మారలేదు.

కొత్త గ్రూవ్స్ (ముఖం మీది చాళ్లు) వల్ల బంతి వెనక్కి తిరుగుతుందన్న ఆశ గురించి ఎక్కువ రాయను. 2010 నుంచి గ్రూవ్స్ అంచుల పదునుకి, పరిమాణానికి రూల్స్ బిగించారు. పొడి ఫెయిర్‌వే (కురచగా కోసిన గడ్డి) మీద వాటి ప్రభావం తక్కువ. రఫ్‌లో (పొడుగు గడ్డిలో), తడిలో కనబడుతుంది.

ఒక నెల ఆడాక సెట్టు నా దగ్గరికి తెస్తానంటే ఒకటే కోరతాను: తుడవకుండా తెండి. ముఖం మీద మచ్చ ఎక్కడ పడింది, అడుగున గీతలు టో వైపా, హీల్ వైపా, ఏ క్లబ్బు అసలు మురికే పట్టలేదు, ఇవన్నీ నాకు కావాలి. మొన్న ఒకాయన తెస్తే అన్నీ అద్దాల్లా మెరుస్తున్నాయి. క్యాడీ పొద్దున్నే సబ్బు పెట్టి తోమేశాడట. నేను తల పట్టుకున్నాను. పక్కనే నిలబడ్డ ఆ క్యాడీ నింపాదిగా అన్నాడు: "ఏం చూస్తవ్ అన్నా, నన్నడుగు. సార్ 7 తర్వాత 9 అడుగుతడు. 8 ఒక్కపారి గూడ తియ్యలే."

8 ఐరన్ లాఫ్ట్ కొలిచాను. 7కీ దానికీ మధ్య తేడా డిగ్రీన్నరే ఉంది.