పొట్ట సీటీల నుంచి అవయవాల నమూనా: అపోహలు – వాస్తవాలు

చాలామంది పొట్ట సీటీ స్కాన్లలోని అవయవాల ఆకారాలను కలిపి, సగటు ఆకారమూ మనిషికీ మనిషికీ ఉండే తేడాలూ చూపేలా కంప్యూటర్లో కట్టే నమూనా గురించి ఇది.

అపోహ: పుస్తకంలో బొమ్మ ఎలా ఉంటే అందరి పొట్టా లోపల అలాగే ఉంటుంది.
వాస్తవం: "కిడ్నీకి రెండు ధమనులున్నాయంటండీ, ప్రమాదమా?" అని రిపోర్టు పట్టుకొచ్చేవాళ్లు అమలాపురంలోనూ ఉన్నారు, భీమవరంలోనూ ఉన్నారు. సుమారు నలుగురిలో ఒకరికి అది మామూలే. రెండు కిడ్నీలూ కింద అతుక్కుని లాడంలా ఉండటం దాదాపు 500 మందిలో ఒకరికి కనిపిస్తుంది. కొందరికి లివర్ కుడి అంచు నాలుకలా కిందికి జారి, చేతికి తగిలితే గడ్డేమో అనిపిస్తుంది. ధవళేశ్వరం దగ్గర కాలువలు మ్యాపులో గీసినట్టే చీలతాయి. లివర్ ధమని ఆ మాట వినదు.

అపోహ: స్కాన్లు ఎన్ని ఎక్కువుంటే నమూనా అంత మంచిది.
వాస్తవం: ఎలా తీశారన్నది ముందు చూడాలి. ఊపిరి పీల్చినప్పుడు లివర్ ఒకటి రెండు సెంటీమీటర్లు కిందికి దిగుతుంది. సగం స్కాన్లు ఊపిరి పీల్చి, సగం వదిలి తీస్తే, మనిషికీ మనిషికీ తేడా అనుకున్నది ఊపిరి తేడాయే అవుతుంది. స్లైస్ (స్కాన్‌లో ఒక్కో అడ్డకోత చిత్రం) మందం 5 మిల్లీమీటర్లైతే అవయవం అంచు మెట్లు మెట్లుగా వస్తుంది, పాంక్రియాస్ తోక సరిగా దొరకదు. ఆత్రేయపురం రేకులంత పల్చగా అక్కర్లేదు గానీ, 1 నుంచి 1.5 మిల్లీమీటర్లు ఉండాలి. అవయవాలు స్పష్టంగా కనిపించేందుకు రక్తనాళంలోకి మందు ఎక్కించాక సుమారు 70 సెకన్లకు తీసినవే తీసుకోండి, ఫేజులు (మందు ఎక్కించాక వేర్వేరు సమయాల్లో తీసినవి) కలపొద్దు. ఫైల్ ఫార్మాట్ మార్చేటప్పుడు కుడి ఎడమ తారుమారయ్యే గొడవ మరీ మోసం: ప్రతి బ్యాచ్‌లో రెండు మూడు తెరిచి, లివర్ మనిషికి కుడివైపే ఉందో లేదో కంటితో చూడాల్సిందే.

అపోహ: సగటు ఆకారమే ఆరోగ్యవంతుడి లివర్.
వాస్తవం: ఆ లివర్ ఎవరి ఒంట్లోనూ ఉండదు. పైగా ఆసుపత్రి స్కాన్లు పొట్టనొప్పితో వచ్చినవాళ్లవి. ఆరోగ్యంగా ఉండే కిడ్నీ దాతలవి కలిస్తే మేలు. ఆకారాలను ఒకదానిపై ఒకటి పేర్చేటప్పుడు సైజును కూడా సమం చేస్తే వాచిన లివరూ చిన్న లివరూ ఒకటే అయిపోతాయి. 30 మందితో కట్టిన నమూనాలో తేడాల దిక్కులు, అంటే ఆకారం మారే వేర్వేరు తీరులు, 29కి మించవు. ఒక్కో దిక్కులో రెండు ప్రామాణిక విచలనాలు (సగటు నుంచి మామూలుగా ఉండే తేడాకు కొలత) అటూ ఇటూ జరిపి చూడండి. లివర్ వెళ్లి కుడి కిడ్నీలోకి చొచ్చుకుపోతే, ఒక మనిషి అవయవంపై బిందువుకు మరొకరి అవయవంపై అదే చోటి బిందువును జతచేయడం తప్పిందనో, రెంటినీ విడివిడిగా కట్టారనో అర్థం.

అపోహ: డైస్ స్కోరు (కంప్యూటర్ గీసిన ఆకారం, అసలు ఆకారం ఎంత కలుస్తున్నాయో 0 నుంచి 1 వరకు చెప్పే అంకె) 0.95 వచ్చింది, ఇక చాలు.
వాస్తవం: లివర్ పెద్దది కాబట్టి ఎడమ కొస మొత్తం పోయినా స్కోరు పెద్దగా పడదు. ఆ రెండు ఆకారాల ఉపరితలాల మధ్య దూరం మిల్లీమీటర్లలో చూడండి, సగటు కాదు, గరిష్ఠం.