గుర్రాల లాయంలో జబ్బు ఎలా పాకుతుంది: అపోహలు - వాస్తవాలు

పెళ్లిళ్ల సీజన్‌లో కర్నూలు చుట్టుపక్కల ఊరేగింపు గుర్రాలు పెట్టుకున్నవాళ్ల నుంచి పశువైద్యుడిగా నాకు వచ్చే ఫోన్ ఒకటే రకం: "సార్, ఫస్టు ఒకదానికే చీమిడి కారుతుండె, ఇప్పుడు మూడూ ఉలవలు ముట్టడం ల్యా."

అపోహ: జబ్బుదాన్ని విడిగా కట్టేస్తే చాలు.
వాస్తవం: చాలదు. ఆదోని దగ్గర ఒకచోట జ్వరమొచ్చిన గుర్రాన్ని దూరంగా వేపచెట్టు కింద కట్టారు, కానీ దాని ముక్కు తుడిచిన గుడ్డను భుజాన వేసుకుని అదే పిల్లోడు మిగతావాటికి దాణా పెడుతున్నాడు. దవడ కింద గడ్డలొచ్చి చీము కారే స్ట్రాంగిల్స్ అనే జబ్బు చేతులు, గుడ్డలు, కళ్లెం, నీళ్ల తొట్టి, వీటి ద్వారా కూడా పాకుతుంది. జబ్బుదానికి బకెట్, బ్రష్ వేరే ఉండాలి. పనిమనిషి ఒక్కడే అయితే బాగున్నవాటి పని ముందు చేసి దీని దగ్గరికి ఆఖరున వెళ్లాలి, వచ్చాక సబ్బుతో చేతులు కడిగి బట్టలు మార్చుకోవాలి.

అపోహ: దగ్గు లేదు, చీమిడి లేదు, కొత్త గుర్రాన్ని కలిపేయొచ్చు.
వాస్తవం: కనీసం 3 వారాలు వేరుగా ఉంచి రెండు పూటలా థర్మామీటర్ పెట్టండి. మామూలుగా 99.5 నుంచి 101.5 ఫారెన్‌హీట్ ఉంటుంది. స్ట్రాంగిల్స్‌లో ముందు జ్వరం వస్తుంది, ముక్కులోంచి క్రిమి బయటపడేది ఆ తర్వాత ఒకట్రెండు రోజులకు. దాన్ని వేరు చేయడానికి మనకు దొరికే టైమంతా ఆ ఒకట్రెండు రోజులే, అందుకే మందులకంటే ముందు థర్మామీటర్ కొనమని పోరుతుంటాను.

అపోహ: గడ్డ పగిలితే తగ్గినట్టే.
వాస్తవం: గుర్రం తేరుకున్నా వారాల పాటు క్రిమిని వదులుతూనే ఉంటుంది. కొన్నిటిలో గొంతు పక్కనున్న గాలి సంచుల్లో నెలల తరబడి దాక్కుంటుంది. పరీక్ష చేయించకుండా కలపొద్దు.

అపోహ: ఫినాయిల్ చల్లితే సరి.
వాస్తవం: పేడ, మట్టి ఉన్నచోట మందు సరిగా పనిచేయదు. సర్ఫ్ నీళ్లతో రుద్ది కడిగి, ఆరాక చల్లండి.

అపోహ: సర్రా అనే రక్తంలో పరాన్నజీవి జబ్బు కూడా తాకితే అంటుకుంటుంది.
వాస్తవం: దాన్ని ఎక్కువగా మోసుకొచ్చేవి జోరీగలు. అక్కడ పోరు ఈగలతో.

అపోహ: గ్లాండర్స్ అనే అంటుజబ్బు అని తెలిస్తే గుర్రాన్ని చంపేస్తారు, చెప్పకుండా అమ్మేయడం మేలు.
వాస్తవం: ఈ మాట వింటే నాకు భయమేస్తుంది. గ్లాండర్స్ మనుషులకూ సోకి ప్రాణం తీయగలదు. పశువుల అంటువ్యాధుల నివారణ, నియంత్రణకు తెచ్చిన 2009 చట్టం ప్రకారం అధికారులకు చెప్పి తీరాల్సిన జబ్బు ఇది. రక్తం శాంపిల్‌ను హర్యానాలోని హిసార్‌లో ఉన్న జాతీయ అశ్వ పరిశోధన కేంద్రంలో పరీక్షిస్తారు. చీమిడి చిక్కగా, జిగటగా కారుతూ, కాళ్ల మీద పుండ్లు కనిపిస్తే చేతులతో ముట్టుకోకుండా అదే రోజు మీ పశువుల ఆసుపత్రికి ఫోన్ చేయండి.