భక్తి ముదిరితే జబ్బా?

చచ్చినవాళ్ళు మళ్ళీ బతికొస్తారన్న నమ్మకంతో మదనపల్లెలో తల్లిదండ్రులే ఇద్దరు కూతుళ్ళను చంపేశారన్న వార్త 2021 జనవరిలో వచ్చింది. బెంగళూరు తెలుగు ఇళ్ళలో చాలా రోజులు అదే మాట. మదనపల్లె ఇక్కడికి మూడు గంటల దారి. పైగా వాళ్ళు బాగా చదువుకున్నవాళ్ళు. మూఢభక్తి అన్నారు కొందరు, మతి చెడిందన్నారు కొందరు. "అలాగైతే నలభై ఒక్క రోజులు మాల వేసుకున్నవాళ్ళందరినీ బెంగళూరు మానసిక ఆసుపత్రి నిమ్హాన్స్‌లో చేర్చాలా?" అని మధ్యలో ఎవరో ఒకరు అడ్డుతగిలేవారు. ఈ పేచీ మాత్రం చాలా పాతది.

చరక సంహిత ఉన్మాదాన్ని ఒంట్లోని దోషాల వల్ల వచ్చేదనీ, బయటి నుంచి తగిలేదనీ విడదీసింది. ఈ రెండో కోవలో దేవతలు పట్టిన ఉన్మాది ఒకడున్నాడు. అతనిది సౌమ్యమైన చూపు, గంభీరమైన వాలకం. కోపం రాదు, నిద్ర పట్టదు, తిండి ధ్యాస ఉండదు. ఒంటి నుంచి సువాసన, విరిసిన తామరలాంటి ముఖం. అలాంటి మనిషి ఎదురైతే మనలో సగంమంది కాళ్ళకు మొక్కుతారు. చరకుడు మాత్రం అతణ్ణి చికిత్స అధ్యాయంలో పెట్టాడు. తనంతట తాను చెడనివాణ్ణి దేవతలు గానీ పిశాచాలు గానీ రాక్షసులు గానీ చెరచలేరని కూడా అదే గ్రంథం చెబుతుంది. అంటే దేవుడి మీదికి నెపం తోసి ఊరుకోవడం కుదరదు.

పోతన ప్రహ్లాదుణ్ణే తీసుకోండి. ఒకచోట ఒంటరిగా ఏడుస్తాడు, ఒకచోట గొంతెత్తి పాడతాడు, ఒకచోట పెద్దగా నవ్వుతాడు, ఇంకొకచోట నిధి దొరికినట్టు గంతులేస్తాడు. ఇదే సంగతి పద్యంలో కాకుండా కేసు షీటులో కనిపిస్తే డాక్టరు ముందు ఉన్మాదమనే అనుమానిస్తాడు. కన్నతండ్రికీ కొడుకు చెడిపోయాడనే అనిపించింది. చండామార్కులకు అప్పగించి దారికి తేబోయాడు.

పురాణం పక్కన పెట్టినా, కలకత్తా దగ్గరి దక్షిణేశ్వరం గుడి పూజారి రామకృష్ణుడి కథ ఉంది. కాళికోసం నేలమీద పడి ఏడ్చేవాడు, ఒంటిమీద తెలివి లేకుండా పోయేవాడు. పిచ్చెక్కిందన్న పుకారు ఊరికి చేరింది. కవిరాజులనే ఆయుర్వేద వైద్యుల మందులు వాడారు, పెళ్ళి చేస్తే కుదుటపడతాడని 1859లో పెళ్ళి చేశారు. రెండేళ్ళకు భైరవీ బ్రాహ్మణి అనే సన్యాసిని పడవలో వచ్చింది. ఇది పిచ్చి కాదు, శాస్త్రాల్లో మహాభావమని చెప్పిన పరమభక్తి స్థితేనని పండితుల ముందు వాదించి ఒప్పించింది. మనిషి అదే, ఏడుపు అదే. చూసే కళ్ళు మారాయి. ఈ చరిత్ర మొత్తంలో నాకు అన్నిటికన్నా ఇబ్బంది పెట్టే ఘట్టం ఇదే. ఆమె ఆ ఏడాది ఆ రేవులో దిగకపోయి ఉంటే?

పడమటి దేశాల కథ పొట్టిగా చెప్పుకోవచ్చు. 1621లోనే ఇంగ్లండులో రాబర్ట్ బర్టన్ మతసంబంధమైన దిగులును ఒక రోగంగా రాశాడు. 1902లో అమెరికా మనస్తత్వవేత్త విలియం జేమ్స్ ఇలాంటి ధోరణికి ఎదురు తిరిగాడు: సెయింట్ పాల్‌కు కలిగిన క్రీస్తు దర్శనాన్ని మూర్ఛరోగం ఖాతాలో రాసేస్తే పనైపోయిందా అని. 1907లో ఫ్రాయిడ్ పూజా విధులకూ, చేసిందే చేయించే మనోవ్యాధికీ పోలిక తెచ్చి, మతం లోకమంతటికీ పట్టిన అలాంటి వ్యాధే అన్నాడు.

ఫ్రాయిడ్ పోలిక మన ఇళ్ళలో వెంటనే అర్థమవుతుంది, ఎందుకంటే మనకు మడి ఉంది. కానీ మడి కట్టుకున్న మామ్మకు వంటయ్యాక ఆ పని అయిపోయినట్టే. ఓసీడీ, అంటే ఆ చేసిందే చేయించే మనోవ్యాధి, ఉన్నవాళ్ళకు అది అయిపోదు. ఎన్నిసార్లు కడిగినా మైల పోయినట్టుండదు, మంత్రంలో అక్షరం తప్పిందేమోనని మళ్ళీ మొదటికి వస్తారు, అలా చేస్తున్నందుకు తమ మీద తామే విసుక్కుంటారు. తరువాత జెసూట్ క్రైస్తవ సంఘాన్ని స్థాపించిన ఇగ్నేషియస్ లొయోలా 1522లో, మతగురువు ముందు ఒకసారి చెప్పుకున్న పాపాలనే మళ్ళీ మళ్ళీ చెప్పుకుంటూ చావాలనుకునేదాకా వెళ్ళాడు. అందుకే, భక్తి ఎంత ఉందన్నది రోగానికి కొలత కాదంటాను.

ఇరవయ్యో శతాబ్దంలో అసలు భయం వేరే వైపు నుంచి వచ్చింది. సోవియట్ రష్యాలో ప్రభుత్వానికి ఎదురు చెప్పినవాళ్ళతో పాటు దేవుణ్ణి నమ్మినవాళ్ళను కూడా పిచ్చాసుపత్రుల్లో పెట్టారు. రోగనిర్ణయానికి కంచెలు కూడా కట్టారు. ఒకరి సంస్కృతిలో అందరూ నమ్మేదాన్ని భ్రమగా లెక్కించకూడదన్నది ఒక కంచె. ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణలో పూనకం కూడా ఇష్టం లేకుండా, ఆచారానికి బయట వచ్చినప్పుడే రోగమవుతుంది. జాతరలో పోతురాజుకు పూనితే కాదు. ఆఫీసు మీటింగులో ఆపుకోలేక పూని, ఆ మనిషే భయపడి ఏడిస్తే ఆలోచించాలి.

మన దగ్గర గుడికీ ఆసుపత్రికీ మధ్య నలిగేది రోగి. 2000 సంవత్సరంలో నిమ్హాన్స్‌కు చెందిన రఘురామ్, ఆయన తోటివారు తమిళనాడులోని ఒక ముత్తుస్వామి గుడిలో ఉండడానికి వచ్చిన 31 మంది రోగులను గమనించారు. ఎక్కువమందిది స్కిజోఫ్రేనియా. గుడిలో మందుల్లేవు, ప్రత్యేక తంతులూ లేవు. పొద్దున కాసేపు పూజ, చిన్నచిన్న పనులు, పక్కన ఇంటివాళ్ళు. సగటున ఆరు వారాలున్నాక లక్షణాలు సుమారు 20 శాతం తగ్గాయి. 2002లో బ్రిటిష్ మెడికల్ జర్నల్ దీన్ని ప్రచురించింది. అయితే ఈలోపే, 2001 ఆగస్టు 6న, అదే రాష్ట్రంలోని ఏర్వాడిలో దర్గా మహిమతో నయమవుతుందని చేర్చిన రోగుల పాకకు నిప్పంటుకుంది. గొలుసులతో కట్టేసి ఉన్న 28 మంది చనిపోయారు. ఆ 31 మందికి మేలు చేసింది దేవుడా, పక్కనున్న ఇంటివాళ్ళా, గొలుసులు లేకపోవడమా? నా ఓటు చివరి రెండింటికి.

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం గొలుసులను నిషేధించింది. చుట్టూ ఉన్న సమాజం మతవిశ్వాసాలకు ఒదగలేదన్న కారణంతో ఎవరికీ మానసిక రోగమని తేల్చకూడదని మూడో సెక్షన్‌లో రాసింది. మంచి మాట. కానీ మదనపల్లె ఇందులో ఇమడదు. ఒంటరి మనిషి నమ్మకాన్ని ఊరితో పోల్చి చూడవచ్చు. ఇల్లంతా ఒకే నమ్మకంలో మునిగితే ఎవరితో పోలుస్తాం? ఢిల్లీ బురారీలో 2018లో ఒకే కుటుంబంలో 11 మంది చనిపోయారు. వాళ్ళకు చావాలన్న ఉద్దేశం లేదని, ఏదో తంతు చేస్తుండగా జరిగిందని తరువాతి మానసిక పరిశీలన తేల్చింది. ఒకరి భ్రమ ఇంకొకరికి పాకడం గురించి ఫ్రాన్స్‌లో లాసేగ్, ఫాల్రే 1877లోనే రాశారు. వాళ్ళ సలహా, ముందు ఆ ఇద్దరినీ విడదీయమని.

విడదీయాలంటే ముందు ఎవరో ఒకరు పసిగట్టాలి. ఊళ్ళో అయితే "ఇదేం పూజరా, మన ఇళ్ళలో లేదే" అని మేనత్త అడిగేది. బెంగళూరు వైట్‌ఫీల్డ్ ఫ్లాటుకు మేనత్త పండక్కే వస్తుంది. మానసిక రోగిని ఇంటివాళ్ళే హింసిస్తున్నారనో, పట్టించుకోవడం లేదనో అనుమానం వస్తే ఎవరైనా పోలీసు స్టేషన్‌లో చెప్పాలని అదే చట్టం 101వ సెక్షన్ అంటుంది. తలుపు వెనక వినిపించేది స్తోత్రమే అయినప్పుడు స్టేషన్ దాకా వెళ్ళే పొరుగువాళ్ళు ఎంతమంది ఉంటారన్నది వేరే సంగతి.