‘లేటుగా తెచ్చారమ్మా’ అనే మాట వెనక కథ

పుట్టు చెవుడున్న ఏడేళ్ల పిల్లాడిని కాక్లియర్ ఇంప్లాంట్ (చెవి లోపల అమర్చి, శ్రవణ నాడికి నేరుగా కరెంటు పంపి శబ్దం వినిపించే పరికరం) కోసం తీసుకెళ్తే, డాక్టరు రిపోర్టుల కన్నా ముందు అడిగేది వయసు. ఆ తర్వాత చాలాసార్లు వినిపించే మాట, "లేటుగా తెచ్చారమ్మా." వికలాంగులకు పరికరాలిచ్చే కేంద్రం వారి అడిప్ పథకంలో పుట్టు చెవుడుకు అయిదేళ్లే గడువు. మాటలు వచ్చాక వినికిడి పోయిన పిల్లలకైతే పద్దెనిమిదేళ్ల దాకా ఇస్తారు. తల్లిదండ్రులకు ఇది సర్కారు డబ్బు మిగుల్చుకునే రూలులా కనిపిస్తుంది. ఇద్దరికీ చెవుడే కదా, ఈ తేడా ఏమిటి?

ఈ పరికరం అసలు పిల్లల కోసం పుట్టలేదు. 1957లో పారిస్‌లో ఆంద్రే జూర్నో, శార్ల్ ఎయిరీస్ అనే ఇద్దరు వినికిడి పోయిన ఒక రోగికి శ్రవణ నాడి దగ్గర చిన్న తీగచుట్ట అమర్చి కరెంటు పంపారు. ఆయనకు కీచురాళ్ల రొదలాంటిది వినిపించింది. కొన్ని మాటల మధ్య తేడా కూడా పట్టగలిగాడు. పరికరం మాత్రం ఎక్కువ కాలం నిలవలేదు. ఆ వార్త ముక్కను లాస్ ఏంజెలెస్‌లో విలియం హౌస్ అనే చెవి డాక్టరుకు చూపించింది ఆయన దగ్గరికొచ్చిన ఒక పేషెంటే. హౌస్ 1961లో మొదటి ఆపరేషన్లు చేశాడు. లోపల పెట్టిన వస్తువు ఒంటికి పడక తీసేయాల్సి వచ్చినా ఆయన వదల్లేదు.

శాస్త్రవేత్తల్లో చాలామంది ఇదంతా దండగన్నారు. లోపలి చెవిలో నత్తగుల్లలా చుట్టుకున్న కాక్లియాలో శబ్దాన్ని పసిగట్టే వేల రోమకణాలు, వాటి వెనక సుమారు 30,000 నాడీ తంతువులు. అంత పనిని ఒక్క తీగ ఎలా చేస్తుంది? వాళ్లన్నది పూర్తిగా తప్పు కాదు. 1977లో అమెరికా ప్రభుత్వం తరఫున 13 మంది పేషెంట్లను పరీక్షిస్తే, ఇంప్లాంట్ ఒక్కదానితో మాట అర్థం కావడం లేదనీ, పెదవులు చూస్తూ వింటే మేలు ఉందనీ తేలింది. ఆ చిన్న మేలే ఈ రంగాన్ని బతికించింది.

వీణ మీద మెట్టు మారితే స్వరం మారినట్టే, కాక్లియాలో చోటు మారితే స్వరం మారుతుంది. దాని మొదలు దగ్గర కీచు శబ్దాలు, లోపలి కొసన బొంగురు శబ్దాలు. అందుకే ఒక తీగ చాలదు, చాలా మెట్లు కావాలి. ఆస్ట్రియాలో ఇంగెబోర్గ్, ఎర్విన్ హోక్‌మైర్ దంపతులూ, మెల్‌బోర్న్‌లో గ్రేమ్ క్లార్క్ పట్టుకున్నది ఈ దారే. క్లార్క్ తండ్రి మందుల షాపు నడిపేవాడు, ఆయనకు సరిగా వినపడేది కాదు. కరెంటు అందించే ఎలక్ట్రోడ్ల కట్టను కాక్లియా మెలికల్లోకి ఎలా తోయాలో తెలియక క్లార్క్ తల పట్టుకున్నాడు. 1977లో బీచ్‌లో కూర్చుని ఒక గవ్వలోకి గడ్డిపరక దూర్చి చూశాడు. కొస మెత్తగా, మొదలు గట్టిగా ఉన్న పరక మెలికల వెంట సాఫీగా వెళ్లిపోయింది. ఎలక్ట్రోడ్ల కట్టకూ ఆ లక్షణమే పనికొచ్చింది.

1978 ఆగస్టు 1న ఆయన ఆపరేషన్ చేసిన రాడ్ సాండర్స్ పెద్దయ్యాక కారు ప్రమాదంలో వినికిడి పోగొట్టుకున్న మనిషి. పరీక్షలో జాతీయగీతం వినిపిస్తే గుర్తుపట్టి లేచి నిలబడ్డాడు. నా దృష్టిలో మన ప్రశ్నకు జవాబు ఇక్కడే ఉంది. ఆ పరికరం పంపింది అరకొర శబ్దం. మిగతాది ఆయన జ్ఞాపకం పూరించింది. పుట్టుకతో వినని పిల్లలకు అలా పూరించుకోవడానికి ఏముంటుంది?

1984లో మందులకూ వైద్య పరికరాలకూ అనుమతిచ్చే అమెరికా సంస్థ ఎఫ్‌డీఏ హౌస్ పరికరానికి, 1985లో 22 ఎలక్ట్రోడ్ల ఆస్ట్రేలియా పరికరానికి పెద్దవాళ్ల కోసం అనుమతిచ్చింది. 1991లో బ్లేక్ విల్సన్ బృందం ఎలక్ట్రోడ్లన్నిటికీ ఒకేసారి కరెంటు పంపకుండా, ఒకదాని తర్వాత ఒకటిగా క్షణంలో మీటే పద్ధతిని చూపించింది. దాంతో శబ్దాలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోవడం తగ్గింది. చాలామంది ఫోన్లో కూడా మాట్లాడగలిగారు.

రెండేళ్లు దాటిన పిల్లలకు అనుమతి 1990లో వచ్చింది. అమెరికా బధిరుల జాతీయ సంఘం మరుసటి ఏడాదే దాన్ని తప్పుపట్టింది. సైగల భాష ఉండగా, అడిగే వయసు కూడా రాని బిడ్డ తలకు ఆపరేషనేమిటని వాళ్ల కోపం. అందులో న్యాయం లేకపోలేదు. కానీ వయసు గీత కిందికే జరిగింది. 2000లో ఏడాదికి, 2020లో తొమ్మిది నెలలకు. మూడున్నరేళ్లలోపు ఇంప్లాంట్ పెడితే మెదడు స్పందన మామూలు పిల్లల దారిలో పడుతుందనీ, ఏడేళ్లు దాటితే కష్టమనీ 2002లో అను శర్మ బృందం చూపించింది. శబ్దం అందని మెదడు భాగం ఖాళీగా కూర్చోదు, వేరే పనులకు అలవాటు పడిపోతుంది.

మన దగ్గర ఆరోగ్యశ్రీ వచ్చాక పేదింటి పిల్లలకూ ఈ ఆపరేషన్ అందింది. లక్షల్లో ఉండే ధర తగ్గించాలని విశాఖలో టార్పెడోలు రూపొందించే డీఆర్‌డీఓ ల్యాబ్ ఎన్‌ఎస్‌టీఎల్ స్వదేశీ ఇంప్లాంట్ పని తలకెత్తుకుంది. లక్ష రూపాయల్లో ఇవ్వాలన్నది ఆలోచన. ఆసుపత్రుల్లో మాత్రం ఎక్కువగా కనిపించేవి విదేశీ కంపెనీలవే.

ఆపరేషన్ అయిన రోజే పిల్లలకు వినపడదు. కొన్ని వారాలాగి ‘స్విచాన్’ చేస్తారు. తర్వాత బిడ్డకు తగ్గట్టు పరికరాన్ని సరిచేసే మ్యాపింగులు, వినడం, మాట్లాడడం నేర్పే ఏళ్ల తరబడి థెరపీ. వీటికి నెలకు ఎన్నిసార్లు పట్నం వెళ్లాలో, ఆ రోజుల కూలి ఎవరిస్తారో పథకం కాగితాల్లో దొరకదు. ఇంట్లో అమ్మ చేసే పని ఇంకొకటుంది. పొద్దున్నే ఇంప్లాంట్‌కు బయట పెట్టుకునే మెషీన్ తగిలించి, పెదవులు కనపడకుండా వెనక నిలబడి ఒక్కొక్కటే అంటుంది: మ్, ఊ, ఆ, ఈ, ష్, స్. ప్రతి శబ్దానికీ బిడ్డ ఒక ప్లాస్టిక్ రింగు గిన్నెలో వేయాలి. ‘స్’ దగ్గర చెయ్యి కదలకపోతే, ముందు బ్యాటరీ మార్చి చూస్తుంది.